సెట్టింగులు మార్చబోయే ముందు: కంప్యూటర్ ఇప్పుడున్న స్థితిని భద్రపరచుకునే పద్ధతి

కొన్నేళ్ల క్రితం, మాఘమాసపు పెళ్లిళ్లకు ముందు, విజయనగరం కోటకు దగ్గరలో ఉన్న ఒక డీటీపీ దుకాణం నుంచి నాకు పిలుపు వచ్చింది. ప్రింటర్ నెమ్మదిగా పని చేస్తోందని, ఎవరో చెప్పిన ఉపాయం ప్రకారం వాళ్లు విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో రెండు మూడు విలువలు మార్చి, ప్రింటర్‌ను నడిపే ప్రోగ్రామైన పాత డ్రైవర్‌ను తీసేసి కొత్తది ఎక్కించారు. ఆ తర్వాత చూసుకుంటే శుభలేఖల కోసం పెట్టుకున్న కాగితపు కొలతలు లేవు, అంచులు తప్పాయి, తెలుగు టైపు చేసే కీబోర్డు వేరొకటిగా మారిపోయింది. దుకాణం నడిపే పెద్దాయన నన్ను చూసి, "బాబూ, ఫైళ్లన్నీ డి డ్రైవులో బాగానే ఉన్నాయి కదా, మరేటి పోయింది?" అని అడిగారు.

ఫైళ్లు నిజంగానే ఒక్కటీ పోలేదు. ఆ కంప్యూటర్‌ను ఏళ్ల తరబడి తమ పనికి తగ్గట్టు సర్దుకున్న తీరు పోయింది. ఏ కార్డు ఎంత వెడల్పు, పై అంచు ఎన్ని మిల్లీమీటర్లు, ఏ మీట నొక్కితే ఏ ఒత్తు పడుతుంది అన్న వివరాలు ఎక్కడా రాసి లేవు. వాటిని మళ్లీ కుదర్చడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ శుభలేఖల కోసం వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లిపోయారు. ఫైళ్ల బ్యాకప్ వేరు, సెట్టింగుల బ్యాకప్ వేరు అని అప్పటినుంచి నా దగ్గరకు వచ్చే ప్రతివారికీ చెబుతున్నాను. ఈ రెండోదాన్ని ఎలా తీసుకోవాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలోని దుకాణాలలో, నెట్ సెంటర్లలో, ఇళ్లలో నేను ఎక్కువగా చూసేవి విండోస్ 10, విండోస్ 11 కనుక వాటినే దృష్టిలో పెట్టుకున్నాను. తెర మీద ఇంగ్లీషులో కనిపించే మాటలను తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు మాత్రం ఇంగ్లీషు అక్షరాలలోనే వెతకండి.

సెట్టింగులు ఎక్కడెక్కడ ఉంటాయి

బ్యాకప్ తీసుకున్నాం అనుకుని మోసపోవడానికి ముఖ్య కారణం, సెట్టింగులన్నీ ఒకేచోట ఉంటాయనుకోవడం. విండోస్ తన సెట్టింగులలో చాలావాటిని రిజిస్ట్రీ అనే దస్త్రంలో దాచుకుంటుంది. వర్డ్, బ్రౌజర్ వంటి ప్రోగ్రాములు తమవాటిలో కొన్నింటిని రిజిస్ట్రీలోనూ, మరికొన్నింటిని మీ యూజర్ ఫోల్డరులో మామూలుగా కనిపించకుండా ఉండే యాప్ డేటా అనే ఫోల్డరులోనూ పెట్టుకుంటాయి. ఈ రెండింటికీ అడుగున, విండోస్ మొదలవడానికి ముందే పనిచేసే బయాస్‌లో కొన్ని ఉంటాయి. రౌటర్ వంటి పరికరాల సెట్టింగులు ఆ పరికరాలలోనే ఉంటాయి, మీ కంప్యూటర్‌లో ఎంత వెతికినా దొరకవు. మీరు చేయబోయే మార్పు వీటిలో దేనిని తాకుతుందో ముందుగా తేల్చుకోండి, ఎందుకంటే ఒకదాని బ్యాకప్ మరొకదానికి పనికిరాదు.

మొదట ఒక నోటుపుస్తకం

కంప్యూటర్ తెరవకపోయినా తెరుచుకునేది కాగితం ఒక్కటే కాబట్టి, ఈ పని పుస్తకంతోనే మొదలుపెట్టండి. తేదీ వేసి, ఏ సెట్టింగు మారుస్తున్నారు, ఇప్పుడు అక్కడ ఏముంది, దాన్ని దేనిగా మారుస్తున్నారు, ఎందుకు మారుస్తున్నారు అన్న నాలుగు విషయాలు రాయండి. పొడవైన వివరాలున్న తెరలను ఫోనుతో ఫొటో తీయండి. ప్రింటర్ విషయంలో ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్ కిటికీలోని ప్రతి ట్యాబునూ, ప్రింటర్ ప్రాపర్టీస్‌లోని పోర్ట్స్ ట్యాబునూ విడివిడిగా తీయాలి. ఇంటర్నెట్ విషయంలో నెట్‌వర్క్ అడాప్టర్ ప్రాపర్టీస్‌లో ఐపీవీ4 మీద రెండుసార్లు నొక్కితే కనిపించే అంకెలన్నీ తీయాలి. నెట్ సెంటర్లలో ఈ అంకెలను చేతితో కొట్టి ఉంటారు కనుక అవి పోతే ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు వచ్చేదాకా కూర్చోవాల్సి వస్తుంది. ఫొటో తీశాక పెద్దది చేసి చూడండి. ట్యూబులైటు వెలుగు తెర మీద పడి సరిగ్గా కావలసిన అంకె మీదే తెల్లటి మచ్చ వచ్చిన ఫొటోలు నాకు చాలాసార్లు చూపించారు.

కరెంటు సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. డ్రైవర్ ఎక్కుతున్నప్పుడో, బయాస్ మారుస్తున్నప్పుడో కరెంటు పోతే తర్వాత చెప్పబోయే ఏ జాగ్రత్తా పూర్తిగా ఆదుకోదు. మన తీరంలో అక్టోబరు, నవంబరు నెలలు ఎలా ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు. గాలీవానా ఉన్న రోజు ఈ పని పెట్టుకోకండి. యూపీఎస్ ఉంటే దాని బ్యాటరీ నిజంగా నిలుస్తోందో లేదో, తెరిచి ఉన్న ఫైళ్లన్నీ సేవ్ చేసి మూసేశాక ఒకసారి ప్లగ్గు తీసి పరీక్షించండి. ల్యాప్‌టాప్ అయితే నిండుగా ఛార్జి చేసి, ఛార్జర్ తగిలించే ఉంచండి.

రిస్టోర్ పాయింట్ పెట్టడం

రిస్టోర్ పాయింట్ అంటే కంప్యూటర్ ఇప్పుడున్న స్థితికి విండోస్ పెట్టుకునే గుర్తు, అవసరమైతే తర్వాత ఆ స్థితికి వెనక్కి రావచ్చు. స్టార్ట్ మెనూలో రిస్టోర్ పాయింట్ అని టైపు చేస్తే క్రియేట్ ఏ రిస్టోర్ పాయింట్ అనేది కనిపిస్తుంది. దాన్ని తెరిస్తే సిస్టమ్ ప్రొటెక్షన్ ట్యాబు వస్తుంది. అక్కడ డ్రైవుల పట్టికలో సి డ్రైవుకు ఎదురుగా ఆన్ అని ఉందా, ఆఫ్ అని ఉందా చూడండి. చాలా కంప్యూటర్లలో ఇది ఆఫ్‌లోనే ఉంటుంది, అవసరం పడిన రోజునే ఆ సంగతి బయటపడుతుంది. ఆఫ్ అని ఉంటే కాన్ఫిగర్ నొక్కి, టర్న్ ఆన్ సిస్టమ్ ప్రొటెక్షన్ ఎంచుకుని, కింది గీటును జరిపి 5 నుంచి 10 జీబీ వరకు చోటు కేటాయించి, అప్లై నొక్కండి. తర్వాత క్రియేట్ నొక్కితే పేరు అడుగుతుంది. "టెస్ట్" వంటి పేరు పెట్టకండి. "ప్రింటర్ డ్రైవర్ మార్చే ముందు" అన్న అర్థం వచ్చేలా పేరు పెడితే, ఆరు వారాల తర్వాత జాబితాలో నాలుగు పేర్లు కనిపించినప్పుడు దేన్ని ఎంచుకోవాలో తడుముకోనక్కరలేదు. తేదీ, సమయం అదే వేసుకుంటుంది.

ఇంతటితో ఆగకండి. అదే ట్యాబులో ఉన్న సిస్టమ్ రిస్టోర్ బటన్ నొక్కి ముందుకు వెళ్లి, మీరు పెట్టిన పేరు జాబితాలో ఉందో లేదో కళ్లారా చూడండి. దాన్ని ఎంచుకుని స్కాన్ ఫర్ అఫెక్టెడ్ ప్రోగ్రామ్స్ నొక్కితే, ఆ స్థితికి వెనక్కి వెళ్తే ఏ ప్రోగ్రాములు, ఏ డ్రైవర్లు తొలగుతాయో, ఏవి తిరిగి వస్తాయో చూపిస్తుంది. చూశాక క్యాన్సిల్ చేసి బయటకు రండి.

రిస్టోర్ పాయింట్ విండోస్ ఫైళ్లను, రిజిస్ట్రీని, డ్రైవర్లను, ప్రోగ్రాములను వెనక్కి తెస్తుంది. మీ పత్రాలను, ఫొటోలను అది ముట్టుకోదు, అంటే పొరపాటున చెరిపేసిన పత్రాన్ని తిరిగి ఇవ్వదు కూడా. కేటాయించిన చోటు నిండితే పాతవాటిని తానే చెరిపేస్తుంది. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్‌కు 2025 జూన్ అప్‌డేట్ నుంచి ఒక రిస్టోర్ పాయింట్ గరిష్ఠంగా 60 రోజులే ఉంటుంది. పైగా అది అదే డిస్కులో ఉంటుంది కాబట్టి డిస్కు చెడితే అదీ పోతుంది. అయినా నేను దీన్ని ముందుగా చెప్పడానికి కారణం, రెండు నిమిషాల పనికి ఇంత రక్షణ ఇచ్చేది మరొకటి లేకపోవడమే.

రిజిస్ట్రీలో మీరు తాకబోయే కొమ్మను దాచుకోవడం

ఇంటర్నెట్‌లో దొరికే ఉపాయాలలో సగానికి సగం రిజిస్ట్రీని తెరిచి ఫలానా విలువ మార్చమనేవే. విండోస్ తానే ఎక్కడో ఒక నకలు దాచి ఉంచుతుందని పాత పుస్తకాలు చదివినవారు నమ్ముతారు. విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి ఆ అలవాటు ఆగిపోయింది. రెగ్‌బ్యాక్ అనే ఆ ఫోల్డరు తెరిచి చూస్తే ఫైళ్ల పేర్లు ఉంటాయి కానీ వాటి పరిమాణం సున్నా. డిస్కులో చోటు ఆదా చేయడానికి మైక్రోసాఫ్టే ఆ మార్పు చేసింది. కాబట్టి ఆ పని ఇప్పుడు మనదే.

స్టార్ట్ మెనూలో రెజ్‌ఎడిట్ అని టైపు చేసి తెరవండి. ఎడమవైపు చెట్టు కొమ్మల్లా విచ్చుకునే జాబితాలో, మీరు మార్చబోయే విలువ ఉన్న కొమ్మ దాకా వెళ్లి దాని మీద ఒకసారి నొక్కండి. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ ఎంచుకుంటే కింద రెండు గుండ్రాలు కనిపిస్తాయి. ఆల్ వదిలేసి, సెలెక్టెడ్ బ్రాంచ్ ఉన్నదాన్నే ఎంచుకోండి. మొత్తం రిజిస్ట్రీని ఒకే ఫైలుగా తీస్తే అది చాలా పెద్దదవుతుంది. పైగా నడుస్తున్న విండోస్‌లోకి దాన్ని తిరిగి ఎక్కించబోతే, వాడుకలో ఉన్న కొమ్మల దగ్గర ఆగిపోయి సగంసగంగా ఎక్కుతుంది. కావలసిన కొమ్మ ఒక్కటీ తీస్తే చిన్న ఫైలు, స్పష్టమైన ఫైలు. పేరులో తేదీ పెట్టండి.

పద్ధతి చేతికి రావాలంటే హాని లేని చోట ఒకసారి చేసి చూడాలి. హెచ్‌కీ కరెంట్ యూజర్ కింద కంట్రోల్ ప్యానెల్, దాని కింద డెస్క్‌టాప్ అనే కొమ్మకు వెళ్లండి. కుడివైపు మెనూ షో డిలే అనే విలువ ఉంటుంది. మెనూ తెరుచుకునే ముందు విండోస్ ఎన్ని మిల్లీసెకన్లు ఆగాలో అది చెబుతుంది. మామూలుగా 400 ఉంటుంది. డెస్క్‌టాప్ కొమ్మను ఎక్స్‌పోర్ట్ చేయండి. తర్వాత ఆ విలువను 200గా మార్చండి. ఇప్పుడు దాచుకున్న ఫైలు మీద రెండుసార్లు నొక్కి, వచ్చే హెచ్చరికకు యెస్ అనండి. రెజ్‌ఎడిట్‌లో ఎఫ్5 మీట నొక్కితే 200 పోయి 400 కనిపిస్తుంది. ఆ అంకె తిరిగి రావడాన్ని ఒక్కసారి చూసినవారికి ఈ ఫైలు ఏం చేస్తుందో ఇక మరొకరు వివరించనక్కరలేదు.

అయితే ఇందులో ఒక లోపం ఉంది. ఈ ఫైలు పాత విలువలను తిరిగి రాస్తుంది తప్ప, మీరు కొత్తగా చేర్చినవాటిని తీసివేయదు. ఎవరో చెప్పారని మీరు ఒక కొత్త విలువను సృష్టించి ఉంటే, పాత ఫైలు ఎక్కించాక కూడా అది అక్కడే కూర్చుని ఉంటుంది. అందుకే కొత్తగా చేర్చినదాని పేరు నోటుపుస్తకంలో ప్రత్యేకంగా రాసుకోవాలి, వెనక్కి వచ్చేటప్పుడు దాన్ని చేతితో తొలగించాలి. ఈ ఫైలులో ఏముందో చదవాలనుకుంటే కుడి మీట నొక్కి నోట్‌ప్యాడ్‌లో తెరవండి. రెండుసార్లు నొక్కితే ఎక్కించాలా అని అడుగుతుంది, పరధ్యానంలో యెస్ అనే ప్రమాదం ఉంది.

తెలుగు టైపింగు, ఫాంట్లు, ప్రింటర్

మన దుకాణాలకు అన్నిటికంటే ప్రాణం ఇదే కనుక కొంచెం వివరంగా చెబుతాను. డీటీపీలో వాడే అను అనే తెలుగు ఫాంట్లతో చేసిన పాత ఫైలు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు ముక్క కనిపించదు, అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి, ఎందుకంటే అవి అన్ని కంప్యూటర్లూ తెలుగుగా గుర్తించే యూనికోడ్ పద్ధతిలో ఉన్నవి కావు. అంటే ఆ ఫాంటు పోవడమంటే మీ పదేళ్ల ఫైళ్లు చదవలేకపోవడమే. సి డ్రైవులో విండోస్ ఫోల్డరులోని ఫాంట్స్ ఫోల్డరు నుంచి మీరు వాడే ఫాంట్లన్నీ బయటి డిస్కుకు కాపీ చేయండి. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి, ఒక యూజర్‌కు మాత్రమే ఎక్కించిన ఫాంట్లు అక్కడ కాకుండా ఆ యూజర్ యాప్ డేటాలో, లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఫాంట్స్ అనే దారిలో ఉంటున్నాయి. రెండు చోట్లా చూడండి. మొదటి ఫోల్డరు మాత్రమే కాపీ చేసుకుని, కావలసిన ఫాంటు అందులో లేదని తర్వాత తెలుసుకున్నవారు ఉన్నారు.

కీబోర్డు విషయంలో, సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్ కింద తెలుగుకు ఏ కీబోర్డు జోడించి ఉందో, ఇన్‌స్క్రిప్టా, ఫొనెటికా, ఫొటో తీయండి. విడిగా కొన్న టైపింగు ప్రోగ్రాము అయితే దాని సెటప్ ఫైలు, లైసెన్సు వివరాలు, అందులో ఎంచుకున్న కీబోర్డు అమరిక మూడూ దాచుకోవాలి. యాపిల్ అనే తెలుగు కీబోర్డు అమరికలో ఇరవై ఏళ్లుగా టైపు చేస్తున్న వేళ్లకు వేరే అమరిక ఇస్తే ఆ రోజు పని సాగదు.

ప్రింటర్‌కు సొంతంగా పెట్టుకున్న కాగితపు కొలతలు రెండు చోట్లలో ఎక్కడో ఒకచోట ఉంటాయి. కొన్ని ప్రింటర్లు వాటిని తమ డ్రైవర్ సెట్టింగులలో దాచుకుంటాయి; డ్రైవర్ తీసేస్తే అవీ పోతాయి, విజయనగరం దుకాణంలో జరిగింది అదే. ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లోని ఫామ్స్ ట్యాబులో పెట్టుకున్నవైతే రిజిస్ట్రీలో ఉంటాయి: హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, ప్రింట్, ఫామ్స్. ఆ కొమ్మను పైన చెప్పినట్టు ఎక్స్‌పోర్ట్ చేయండి. మొదటి రకమైతే ఫొటోలే ఆధారం. పాత డ్రైవర్ సెటప్ ఫైలు చేతిలో లేకుండా దాన్ని మాత్రం ఎప్పుడూ తొలగించకండి, పాత ప్రింటర్లకు డ్రైవర్లు తర్వాత దొరకకపోవచ్చు. డ్రైవర్‌ను తీసేయకుండా, దాని మీదే కొత్త వెర్షన్ ఎక్కించిన సందర్భాలలో, డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం డ్రైవర్ ట్యాబులో రోల్ బ్యాక్ డ్రైవర్ అనే బటన్ వెలిగి ఉంటే అది అన్నిటికంటే దగ్గరి దారి.

వర్డ్ వాడేవారు, విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కితే వచ్చే రన్ పెట్టెలో పర్సెంట్ గుర్తు, యాప్‌డేటా, మళ్లీ పర్సెంట్ గుర్తు కొట్టి, మైక్రోసాఫ్ట్ ఫోల్డరులో టెంప్లేట్స్ లోపల ఉన్న నార్మల్ అనే ఫైలును కాపీ చేసుకోండి. మీ అంచులు, స్టైళ్లు, మ్యాక్రోలు అందులో ఉంటాయి. కాపీ చేసే ముందు వర్డ్ మూసేయాలి.

బయాస్ జోలికి వెళ్లే ముందు

విండోస్ 11 కోసం సెక్యూర్ బూట్, టీపీఎం అనే రెండు భద్రతా ఏర్పాట్లను ఆన్ చేయమని చెప్పగానే చాలామంది నేరుగా బయాస్‌లోకి వెళ్తున్నారు. అంతకంటే ముందు మీ డిస్కు తాళం వేసి ఉందో లేదో తెలుసుకోండి. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అని గానీ, కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ అని గానీ వెతికి ఆన్‌లో ఉందేమో చూడండి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టిన చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో, యజమానికి తెలియకుండానే అది ఆన్ అయి ఉంటుంది. అలా ఉన్నప్పుడు బయాస్‌లో ఈ సెట్టింగులు మారిస్తే, తర్వాతిసారి కంప్యూటర్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ లేకపోతే డిస్కులోని డేటా తెరవడం సాధ్యం కాదు. ఏ మెకానిక్కూ తెరవలేడు. అందుకే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ కీ ఉందని నిర్ధారించుకుని, కాగితం మీద ముద్రించి, బీరువాలో పట్టా కాగితాలు పెట్టే చోట పెట్టండి. అదే కంప్యూటర్‌లో దాచడం వల్ల ప్రయోజనం లేదు. ప్రో ఎడిషన్ అయితే బిట్‌లాకర్ పేజీలో సస్పెండ్ ప్రొటెక్షన్ నొక్కి, ఆ తర్వాత బయాస్‌లోకి వెళ్లండి. బయాస్ పేజీలను ఒక్కొక్కటిగా ఫొటో తీయండి.

రౌటర్‌కు దాని సెట్టింగుల పేజీలోనే సాధారణంగా బ్యాకప్ అనే బటన్ ఉంటుంది. ఫైలు దించుకుంటే చాలు.

తీసుకున్నవాటిని బయట పెట్టడం

పై వాటన్నిటినీ ఒక ఫోల్డరులో, తేదీ పేరుతో చేర్చి పెన్ డ్రైవులోకి కాపీ చేయండి. మరో నకలు వేరే ఇంట్లోనో, ఆన్‌లైన్‌లోనో ఉండాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లకు రోజుల తరబడి కరెంటు రాలేదు, ఇళ్ల పైకప్పులు ఎగిరిపోయాయి. ఒకే ఇంట్లో ఉన్న కంప్యూటరూ, పెన్ డ్రైవూ ఒకే వానలో తడుస్తాయి.

మార్పు పెద్దదైతే, అంటే విండోస్‌నే మారుస్తుంటే, మరో రెండు పనులు చేయాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక ఇప్పుడు ఈ అవసరం చాలామందికి వస్తోంది. ఒకటి, స్టార్ట్ మెనూలో రికవరీ డ్రైవ్ అని వెతికి, 32 జీబీ పెన్ డ్రైవు మీద దాన్ని తయారు చేసుకోవడం. ఆ పెన్ డ్రైవులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీదే వాడండి. రెండు, కంట్రోల్ ప్యానెల్‌లోని బ్యాకప్ అండ్ రిస్టోర్‌లో క్రియేట్ ఏ సిస్టమ్ ఇమేజ్ ద్వారా మొత్తం సి డ్రైవును బయటి హార్డ్ డిస్కుకు తీసుకోవడం. విండోస్ 11కు మారాక నచ్చకపోతే వెనక్కి వెళ్లే అవకాశాన్ని విండోస్ మామూలుగా 10 రోజులే ఇస్తుంది. ఈలోగా పాత విండోస్ ఉండే విండోస్ ఓల్డ్ అనే ఫోల్డరును చోటు కోసం చెరిపేస్తే ఆ అవకాశమూ పోతుంది.

మార్చడం, వెనక్కి రావడం

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. చేసి, రీస్టార్ట్ చేసి, ప్రింటు తీసి, తెలుగులో నాలుగు వాక్యాలు టైపు చేసి, ఇంటర్నెట్ చూసి, బాగుందని పుస్తకంలో రాసుకున్నాకే రెండోదానికి వెళ్లండి. మూడు కలిపి చేస్తే, ఏది చెడగొట్టిందో తెలుసుకోవడానికి మూడూ తీసేయాల్సి వస్తుంది.

తేడా వస్తే చిన్న దారి నుంచి మొదలుపెట్టండి. పుస్తకం చూసి ఆ ఒక్క విలువను చేతితో పాతదిగా మార్చండి. కుదరకపోతే ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలు ఎక్కించండి. అప్పటికీ కాకపోతే రిస్టోర్ పాయింట్. సిస్టమ్ ఇమేజ్ చిట్టచివరిది, ఎందుకంటే అది ఇమేజ్ తీసిన తర్వాత ఆ డ్రైవులో చేరిన ఫైళ్లను కూడా తుడిచేస్తుంది. విండోస్ తెరుచుకోకపోతే కంగారుపడకండి. విండోస్ మొదలవుతుండగా పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడం రెండు మూడుసార్లు చేస్తే, రికవరీ తెర దానంతటదే వస్తుంది. రికవరీ పెన్ డ్రైవు ఉంటే దానితోనూ అక్కడికి చేరవచ్చు. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, సిస్టమ్ రిస్టోర్ అనే వరుసలో వెళ్తే మీరు పెట్టిన పేరు కనిపిస్తుంది. డిస్కు తాళం వేసి ఉంటే ఈ దశలోనే 48 అంకెలు అడుగుతుంది. బీరువాలోని కాగితం అప్పుడు తీయండి.

అంతా సవ్యంగా ఉన్నా పాత ఫోల్డరును వెంటనే చెరపకండి, కనీసం ఒక నెల ఉంచండి. నెలాఖరు బిల్లులకో, పెద్ద సైజు కార్డులకో మాత్రమే వాడే సెట్టింగు పోయిందని ఆ రోజు వచ్చేదాకా తెలియదు. ఆ నెల గడిచాక కొత్త స్థితికి మరో రిస్టోర్ పాయింట్ పెట్టి, దాని పేరునూ తేదీనీ పుస్తకంలో తర్వాతి గీత మీద రాసుకోండి.